అవసరం లేని చిల్లు

పర్చూరు దాటి కొంత దూరం వచ్చాక బస్సు ఆగిపోయింది. ఎదురుగా మిర్చి లారీ ఒకటి ఎడమ పక్కకి ఒరిగిపోయి సగం రోడ్డు కమ్మేసి ఉంది. తాళ్ళు తెగి పై వరస టిక్కీలు పత్తిచేలోకి దొర్లాయి. ఆ బస్తాల ఘాటుకి బస్సు బస్సంతా తుమ్ములు అందుకుంది. వెనక చక్రం మీది సీట్లో కూర్చున్న హయాత్ మాత్రం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, లారీ కింద ఏముందా అని కిటికీలోంచి వంగి చూస్తున్నాడు.

ఆ సీటు ఎవరూ కోరుకోరు. "ముందు ఖాళీలున్నాయండీ, అక్కడ నడుం విరుగుద్ది," అని కండక్టరు చెప్పినా హయాత్ కదల్లేదు. భార్య రహమతున్నీసా పోయిన దగ్గర్నుంచీ ఆయనకిదే పని. బ్రాడీపేటలో తానొక్కడే ఉంటున్న అద్దె గదికి తాళం వేస్తాడు, దొరికిన బస్సెక్కుతాడు, చక్రం మీది సీట్లో కళ్ళు మూసుకుంటాడు. నిన్న అట్లాగే వాడరేవు దాకా పోయి, ఎండుచేపల పక్కన నిలబడి కాసేపు సముద్రాన్ని చూసి, చీరాలలో పడుకుని తిరిగొస్తున్నాడు. కింద బండి బరువు మోసే కమాన్ కట్టలో ఒక ఇనప పట్టీ చిట్లితే ఆ చప్పుడు ఆయనకి ఇట్టే తెలుస్తుంది. తెలిసి ఎవరికి చెప్పాలి? పక్కన కూర్చునేవాళ్ళు ఫోన్లలో ఉంటారు.

ఈ రేగడి నేల మీద రోడ్డేస్తే అది నేల చెప్పినట్టే వింటుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది. ఎంత తారు పోసినా రెండేళ్ళకి అలలు తేలుతుంది. వెనకటికి ఎడ్లబండ్లు ఈ అలల మీద ఎట్లా నడిచాయో గానీ, అప్పుడు తొందర ఉండేది కాదు, మిర్చిని ఇంత ఎత్తుకి కట్టేవాళ్ళూ కాదు. పొగాకు కాల్చే బేరన్లు, పత్తి జిన్నింగు మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు అన్నీ ఈ రోడ్డుకి ఆనుకునే లేచాయి. వాటన్నిటి బరువూ మోసేది మాత్రం లారీ కింద వంగి ఉండే ఆ నాలుగు ఇనప పట్టీల కట్టే. హయాత్ జీవితమంతా ఆ కట్ట దగ్గరే గడిచింది. చెన్నై దగ్గర ఒక కంపెనీలో మెకానికల్ ఇంజనీరుగా చేశాడు. లారీల విడిభాగాల మీద, సస్పెన్షన్ మీద ఆయన పేరున పేటెంట్లున్నాయి. లోడు ఊగకుండా ఆపే ఒక ఇనప ముక్క మీద మొదటిది వచ్చిన రోజున ఆ కాగితం తీసుకెళ్ళి భార్యకి చూపించాడు.

"దీన్నేం చేస్తారు?" అంది రహమతున్నీసా.

"ఇరవై ఏళ్ళ పాటు ఈ ముక్కని ఇంకెవరూ చెయ్యకూడదు."

"మరి మీ కంపెనీ చేస్తుందా?"

"ఇప్పుడప్పుడే చెయ్యదంట."

"అయితే ఎవరూ చెయ్యకుండా ఉండటానికి ఇచ్చిన కాగితమా ఇది?" అని నవ్వి, దాన్ని పెళ్ళిచీరల కింద భద్రంగా పెట్టింది.

కంపెనీ పెద్దాయన చెప్పిన కారణం ఒకటే. "మీ గుంటూరు డ్రైవర్లు కమాను కదలకుండా ఎట్లాగూ తుమ్మచెక్క కొడతారు హయాత్. వాళ్ళకి నీ ముక్కెందుకయ్యా?" హయాత్ ఊరుకోలేదు. "ఒక్కసారి నడిపి చూస్తే కొట్టరు సార్," అన్నాడు. ఆ మాట నిజమా కాదా అన్నది మాత్రం తేలలేదు. ఇసక బస్తాలతో పరీక్షించారు గానీ, మిర్చి లోడు కింద ఆ ముక్కని ఆయన ఒక్కనాడూ చూళ్ళేదు.

బస్సు మార్జిన్‌లోకి దిగి ఎట్లాగో పక్కనుంచి దూరబోతుంటే ఆయన దిగిపోయాడు. "సార్, మళ్ళీ బస్సు ఎప్పుడో!" అని కండక్టరు అరిచినా వెనక్కి చూడలేదు.

రోడ్డువార టిక్కీ మీద ఒకావిడ కూర్చుని డ్రైవర్ని దులిపేస్తోంది. ఆవిడ పేరు ఆదెమ్మ. పంట ఆవిడదే. డ్రైవర్లని నమ్మక, ప్రతి ఏడూ తనే క్యాబిన్లో కూర్చుని గుంటూరు దాకా సరుకు దింపించుకుంటుంది.

"ఒరేయ్ మాలిక్, బండిని పడుకోబెట్టడానికి నా సరుకే దొరికిందంట్రా?"

"ఊరుకో పిన్నీ! చెక్క పగిలితే నేనేం చేసేది?" అన్నాడు డ్రైవరు, జాకీ బిగిస్తూ.

మిర్చి లోడు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. అలల రోడ్డు మీద ఉయ్యాలలూగుతుంది. అందుకని కమానుకీ పైనున్న బండి చట్రానికీ, అదే చాసిస్‌కీ మధ్య తుమ్మచెక్క దిగ్గొడతారు. కమాను పని చెయ్యదు, బండి ఊగదు. చెక్క పగిలిన్నాడు మాత్రం ఒక పక్క ఒక్క ఊపున కూలుతుంది. ఇవాళ జరిగిందదే.

హయాత్ మోకాళ్ళ మీద వంగి, ఫోన్ లైటు వేశాడు. కమాను చివరని చాసిస్‌కి వేలాడదీసే షాకిల్ కనిపించింది. బరువు పెరిగేకొద్దీ తనంతట తనే బిగిసేటట్టు దాని భుజానికి ఒక మెట్టు, మెట్టు కింద రబ్బరు. పైన ఒక మూల చిన్న చిల్లు. ఆ చిల్లు దేనికీ పనికిరాదు. పరీక్షప్పుడు తీగతో వేలాడదీయడానికి హయాత్ గీసింది, తర్వాత చెరపడం మర్చిపోయాడు. పేటెంటు గడువు తీరాక ఎవరో ఎక్కడో పోతపోస్తూ, అదేదో కిటుకనుకుని చిల్లుతో సహా దించేశారు. ఆ చిల్లులోకి వేలు పెట్టి ఆయన అంచంతా తడిమి చూశాడు.

"ఏం సాయిబుగారూ, ఏమన్నా పారేసుకున్నావా?" అంది ఆదెమ్మ.

"ఈ షాకిల్ ఎక్కడిది?"

"ఆటోనగర్‌లో వేశారు సార్, లోకల్ మాల్," అన్నాడు మాలిక్.

"ఇది నేను చేసింది."

"మీకు ఫౌండ్రీ ఉందా?"

"లేదు. బొమ్మ నేను గీశాను."

"ఓహో, డ్రాయింగు మాస్టారా!" అన్నాడు మాలిక్ మర్యాదగా. ఆదెమ్మ నవ్వాపుకోలేక కొంగుతో నోరు మూసుకుంది.

హయాత్ లేచి చేతులు దులుపుకున్నాడు. "రెండో పక్క చెక్క కూడా తీసెయ్యి. బండి దానంతటదే నిలబడుతుంది. ఒక్కసారి నడిపి చూడు," అన్నాడు. మాలిక్ ఒప్పుకునేవాడు కాదు గానీ, ఒక పక్క చెక్క ఉండి రెండో పక్క లేకపోతే బండి మళ్ళీ ఒరుగుతుంది. కొత్త చెక్క అక్కడ దొరకదు. తిట్టుకుంటూనే తీశాడు. టిక్కీలు ఎక్కించి తాళ్ళు బిగించాక, "ఎక్కు చాచా, పడితే ముగ్గురం కలిసే పడదాం," అని క్యాబిన్ తలుపు తీశాడు.

పెదనందిపాడు ముందు వాగు మీద వంతెన. దాని ముందు రోడ్డు మరీ అధ్వాన్నం. హయాత్ కళ్ళు మూసుకున్నాడు. చక్రం గుంటలో దిగింది, లేచింది. వెనక్కాల కమాను మెత్తగా వంగి, షాకిల్ వాలి, రబ్బరు మీద మెట్టు ఆనడం ఆయనకి వెన్నులో తెలిసింది. లోడు ఇటు ఒక్కసారి వాలబోయి, మనసు మార్చుకున్నట్టు నిలబడింది. ఆయన పక్కనున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు.

"బండి ఊగట్లేదేంటి పిన్నీ!" అన్నాడు మాలిక్.

హయాత్ కళ్ళు తెరిచాడు.

"నువ్వు కాయలకి నీళ్ళు మరీ దిట్టంగా కొట్టించినట్టున్నావు. బరువొచ్చి కుదురుగా కూర్చున్నాయి," అన్నాడు మాలిక్ ఆదెమ్మతో.

"నోర్ముయ్ రా! టిక్కీల్లో కుక్కి తొక్కేటప్పుడు కాయ విరక్కుండా నాలుగు చుక్కలు చల్లించా. లోకంలో ఎవరూ చల్లరా?" ఆదెమ్మ అంతెత్తున లేచింది. ఆ తగువు పెదనందిపాడు టీకొట్టు దాకా సాగింది. హయాత్ మాట దూరే సందు దొరకలేదు.

టీ గ్లాసులు చేతికొచ్చే లోపల మాలిక్ ఎదురుగా ఉన్న సామిల్లులోకి పోయి రెండు తుమ్మచెక్కలు పట్టుకొచ్చాడు. కొత్తవి, ఇంకా పచ్చివాసన పోలేదు. సుత్తి తీసుకుని లారీ కిందికి దూరాడు.

"మాలిక్!" హయాత్ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "ఊగలేదు కదయ్యా. మళ్ళీ ఎందుకు?"

"ఊగలేదు చాచా, కాదనను. కానీ చెక్క లేకుండా ఎట్టా? స్టీరింగ్ పట్టుకుంటే నాకు ధైర్యంగా ఉండాలిగా," అన్నాడు మాలిక్ కింద నుంచే. వెటకారం కాదు, ఉన్నమాటే చెప్పాడు. తర్వాత సుత్తి దెబ్బ పడింది.

కంపెనీ పెద్దాయన ఎప్పుడో పోయాడు. బతికుంటే కబురు చెయ్యొచ్చు, మీరే గెలిచారని. రహమతున్నీసా ఉంటే ఇంటికెళ్ళి చెప్పొచ్చు, నవ్వేది. హయాత్ సగం తాగిన టీని బల్ల మీద పెట్టాడు. చెక్క దిగేకొద్దీ సుత్తి చప్పుడు బిగుసుకుంటోంది. ఎంత లోపలికి దిగిందో ఆయన చెవికి తెలుస్తూనే ఉంది.

లేచి గుంటూరు వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆయన ఎక్కాల్సిన బస్సొకటి పక్కనే వచ్చి ఆగి, కాసేపు చూసి, వెళ్ళిపోయింది.

"సాయిబుగారూ! టీ ఒదిలేశావే! బండెక్కవా?" ఆదెమ్మ కేక బజారంతా వినపడింది.

తిరిగితే ఏదో ఒకటి చెప్పాలి. ఆయన తిరగలేదు. పొగాకు బేరన్ మలుపు దాకా సుత్తి చప్పుడు వెంట వచ్చింది.