ఇరవైకి పద్నాలుగు

డెల్బర్ట్ రాట్లిఫ్ పోయినప్పుడు మా ఊరి పత్రికలో అరచెయ్యంత వార్త వేశారు. ముప్పై ఏళ్లు కరెంటు ప్లాంటులో వెల్డరు, పదిహేనేళ్లు తుపాకీ పర్మిట్లకి క్లాసులు చెప్పిన మాస్టారు, చర్చిలో చేపల విందు పెట్టిన ప్రతిసారీ మూకుడు దగ్గర నిలబడ్డ మనిషి, ఆరోగ్యం బాగాలేక చివరి రెండేళ్లూ క్లాసులు మానుకున్నాడు అని రాశారు. ముందు మూడూ నిజమే. చివరిది అబద్ధం. డెల్ ఒంట్లో ఏ రోగమూ లేదు. క్లాసులు ఎందుకు మానేశాడో తెలిసినవాళ్లం నలుగురం. అందులో ఇద్దరు పోయారు, ఒకడు లాయరు, నోరు విప్పడు. మిగిలింది నా నోరు, దాన్ని మూయించడం మా అమ్మ వల్లే కాలేదు.

నా పేరు నేడీన్. కౌంటీ షెరీఫ్ ఆఫీసులో, అంటే మా జిల్లా పోలీసు కచేరీలో, కిటికీ వెనక ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. మా ఒహాయో రాష్ట్రంలో తుపాకీ కొనుక్కోడానికి నాతో పనిలేదు. దాన్ని కోటు కింద దాచుకుని ఊళ్లో తిరగాలంటే మాత్రం నా కిటికీ ముందు నిలబడాలి. దరఖాస్తు, ఫోటో, ట్రైనింగ్ అయిందని మాస్టారి సంతకం ఉన్న కాయితం పట్టుకు రావాలి. నేను వేలిముద్రలు తీసి, పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసి పైకి పంపేదాన్ని. ఎవడి నడుముకి ఏముందో వాడి పెళ్లాం కన్నా ముందు నాకు తెలిసేది.

ఆ కాయితాల్లో పదింటికి తొమ్మిది డెల్ సంతకంతోనే వచ్చేవి. శనివారాలు ఫైర్ స్టేషన్ హాల్లో ఆరు గంటలు పాఠం, తర్వాత అతని ఇంటి వెనక పాడుబడ్డ కంకర గుంటలో రెండు గంటలు కాల్పులు. మొదటి గంటలో ఎవర్నీ తుపాకీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "దాన్ని బయటికి తీసే ముందు మీకు కాళ్లున్నాయని గుర్తు తెచ్చుకోండి. పరిగెత్తడానికి పర్మిట్ అక్కర్లేదు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వడం ఆపేదాకా ఆగి, అదే మాట మళ్లీ నెమ్మదిగా చెప్పేవాడు.

ఎనిమిది గంటలు కూర్చోబెట్టమనీ, తుపాకీ పట్టడం వచ్చో రాదో చూడమనీ చట్టం చెప్తుంది. ఎన్ని తగలాలో చెప్పదు. ఆ లెక్క డెల్ సొంతంగా పెట్టుకున్నాడు. ఏడు గజాల దూరం, ఇరవై తూటాలు. అందులో పద్నాలుగు కాయితం మీద అచ్చేసిన నల్లబొమ్మలో పడాలి. పదమూడు పడితే ఇంటికి. బ్యాంకు మేనేజర్ని తిప్పి పంపాడు. సొంత బావమరిదిని తిప్పి పంపితే వాడు రెండేళ్లు థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి రావడం మానేశాడు. "ఏంటయ్యా నీ చాదస్తం, ఒక్క తూటాకి చుట్టరికం చెడగొట్టుకుంటావా?" అని నేనే దెప్పాను. "ఆ ఒక్క తూటా ఎక్కడికి పోయిందో చెప్పు, వాడికి సంతకం పెడతాను," అన్నాడు. అందుకే డెల్ సంతకం కనిపిస్తే నేను రెండోసారి చూసేదాన్ని కాదు.

అలాంటివాడు ఒక్కసారి మొహమాటానికి పోయాడు.

వెర్నన్ స్కాగ్స్ అని, అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లాయనకి. పందొమ్మిదేళ్ల డెల్‌ని ప్లాంటులో చేర్చుకుని వెల్డింగ్ నేర్పిన గురువు. తొలి నెలలోనే డెల్ ముసుగు లేకుండా మంట చూసి కళ్లు కాల్చుకుంటే, మూడు రోజులు పక్కన కూర్చుని బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ల మీద వేసిన మనిషి. ఊరంతా ఆయన్ని వెర్నన్ అంటే డెల్ ఒక్కడూ మేస్త్రీ అనేవాడు. భార్య ఓపల్ పోయాక ఆయన ఒంటరివాడయ్యాడు. ట్రక్కులోంచి పనిముట్లు రెండుసార్లు ఎత్తుకుపోయారు. దాంతో పర్మిట్ కావాలని, 2019 శరత్కాలంలో డెల్ క్లాసులో ముందు వరసలో కూర్చున్నాడు. అప్పటికే చేతులు వణికేవి. కాఫీ సగం కప్పే పోయించుకునేవాడు.

ఆ తర్వాతి బుధవారం హోటల్లో డెల్ నా ఎదురుగా కూర్చుని చాలాసేపు గుడ్డు కెలికాడు.

"నేడీన్, శనివారం ఓ తప్పు చేశాను."

"ఒక్కటేనా? ముసలాడివైపోతున్నావన్నమాట."

"మేస్త్రీకి తొమ్మిదే పడ్డాయి. బొమ్మ తీసుకురావడానికి నేనొక్కణ్ణే ముందుకెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే టోపీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడున్నాడు. పొద్దున నాతో ఏమన్నాడో తెలుసా? 'ఇది కూడా పోతే తర్వాత డ్రైవింగ్ లైసెన్సు లాక్కుంటార్రా, ఆపైన నన్ను తీసుకెళ్లి ఎక్కడో కుర్చీలో కూర్చోబెడతారు' అన్నాడు. జేబులో పెన్సిలుంది. ఐదు బెజ్జాలు పొడిచేశాను."

నేను నవ్వాను. ఇది దాచుకోదల్చుకోలేదు. కాఫీ ముక్కులోకి ఎక్కేంతగా నవ్వి, "నీ పెన్సిలుకి పర్మిట్ ఉందా?" అన్నాను. మా దగ్గర అదో పాత వేళాకోళం. ఎవరికైనా గురి బాగా కుదిరితే పెన్సిలు గురి అంటాం. నిజంగా పొడిచినవాణ్ణి చూడటం అదే మొదలు.

"ఆయన పిస్తోలు జేబులోంచి తీసేదెప్పుడులే. చర్చికీ కొట్టుకీ తప్ప ఎక్కడికెళ్తాడు?" అన్నాడు డెల్, నన్ను అడుగుతున్నట్టు.

"ఎక్కడికీ వెళ్లడు. తిను," అన్నాను.

మర్నాడు వెర్నన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వేలిముద్రల యంత్రం ఆయన వేలిని నాలుగుసార్లు ఒప్పుకోలేదు, వణుకు వల్ల. అయిదోసారి నేనే చెయ్యి బయటికి పెట్టి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఒక్కొక్క వేలికీ అలాగే పట్టుకున్నాను.

"గురి ఎలా కుదిరింది బాబాయ్?"

"ఇరవైకి పద్నాలుగు అమ్మాయ్! ఈ వయసులో! మీ డెల్ సంగతి తెలుసుగా, ఒక్కటి తగ్గినా ఊరుకోడు."

తెలుసు బాబాయ్ అన్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసి పంపాను. రెండు వారాల్లో కార్డు వచ్చింది.

రెండున్నరేళ్లు ఏమీ జరగలేదు. 2022 ఏప్రిల్‌లో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకి, వెర్నన్ సరుకుల కొట్టు ముందు ట్రక్కు ఆపుకుని కూర్చున్నాడు. రెండు వరసల అవతల క్రిస్టల్ మాబ్రీ అనే అమ్మాయిని విడిపోయిన మొగుడు కారులోంచి జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ల పిల్ల, బడి వంటగదిలో పనిచేసేది. ఆ టైములో అక్కడ పదిమంది దాకా ఉన్నారు. కొందరు బండ్ల వెనక నక్కారు, ఇద్దరు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. వెర్నన్ దిగాడు. వదలమని అరిచాడు. వాడు వదల్లేదు. ఆయన పిస్తోలు తీసి పదిహేను అడుగుల నుంచి రెండుసార్లు కాల్చాడు. మొదటిది కారు తలుపుకి తగిలింది. రెండోది క్రిస్టల్ మెడకి తగిలింది. వాడికి గీత కూడా పడలేదు. హెలికాప్టర్ కొలంబస్ పెద్దాసుపత్రికి చేరేలోపే ఆ పిల్ల పోయింది.

జ్యూరీ వెర్నన్ మీద కేసు వద్దంది. ఒక మనిషిని కాపాడబోయాడు, మనసులో చెడు లేదు, చేతిలో పర్మిట్ ఉంది అన్నారు. శవం దగ్గర క్రిస్టల్ తల్లి ఆయన చెయ్యి పట్టుకుని, "నువ్వొక్కడివైనా దిగావు" అంది. ఎవరో ఆయనకి ఆపిల్ ముక్కలతో తీపి రొట్టె కూడా చేసి పంపారు. ఊరు ఊరంతా ఆయన్ని ఓదారుస్తుంటే డెల్, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

మేలో డెల్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. "అన్నం సహించట్లేదు నేడీన్. మేస్త్రీ కాయితం మీద నా సంతకం అబద్ధమని ఎవరికి చెప్పుకోవాలో చెప్పు," అన్నాడు. పైన మేడ మీద, కేసులు పెట్టే కౌంటీ లాయరు దగ్గరికి తీసుకెళ్లాను. కుర్రాడు, మంచివాడే. పెన్సిలు సంగతి మొత్తం విన్నాడు.

"చట్టం ఎనిమిది గంటలు చెప్పమంది, చెప్పారు. పట్టడం వచ్చో రాదో మిమ్మల్నే తేల్చమంది, తేల్చారు. పద్నాలుగు తగలాలని ఎక్కడుంది డెల్బర్ట్ గారూ? అది మీరు పెట్టుకున్న లెక్క. మీ లెక్క మీరు తప్పారని నేను కోర్టుకి ఎలా వెళ్లను?"

"ఆ పిల్ల చచ్చిపోయిందయ్యా."

"తెలుసండీ. ఇంకో మాట వినండి. జూన్ నుంచి కొత్త చట్టం వస్తోంది. ఆ కాయితమే అక్కర్లేదు. క్లాసు లేదు, సంతకం లేదు. ఇరవయ్యొకటి నిండినవాడెవడైనా కోటు కింద పెట్టుకుని తిరగొచ్చు. వచ్చే నెల్లో ఎవరూ అడగని కాయితానికి ఈ నెల్లో మిమ్మల్ని జైల్లో పెట్టమంటారా?"

డెల్ లేచి నిలబడ్డాడు. "అయితే నన్నేం చెయ్యరా?" అన్నాడు. తిట్టినా, కొట్టినా ఆ గొంతు అంత దీనంగా ఉండేది కాదు. నాకు ఆ లాయరు మీద కోపం వచ్చింది, చట్టం మీద వచ్చింది. అన్నిటికన్నా ఆ రోజు హోటల్లో పగలబడి నవ్విన నా మీద వచ్చింది.

అప్పటికి వెర్నన్ రోజూ డెల్‌కి ఫోన్ చేస్తున్నాడు. ఒకటే పాట. పిస్తోలు పక్కకి లాగుతోంది, షెరీఫ్ తిరిగిచ్చాక ఒకసారి చూసిపెట్టు అని. డెల్ ఊఁ కొట్టి పెట్టేసేవాడు. లాయర్ని కలిసొచ్చిన తర్వాతి ఆదివారం నాకు ఫోన్ చేసి, "మేస్త్రీ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రా. ఒక్కణ్ణే వెళ్తే మళ్లీ అబద్ధమాడి వచ్చేస్తాను," అన్నాడు.

చర్చి అయ్యాక వెళ్లాం. నేను చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్లాను. వెర్నన్ సగానికి సగం అయిపోయాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. మమ్మల్ని కూర్చోనివ్వకుండానే ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లాడు. పాసైనవాళ్లందరూ చేసేదే. డెల్ ఇచ్చిన నల్లబొమ్మ కాయితం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతాలతో అంటించి ఉంది.

"చూడు అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఇరవైకి పద్నాలుగు. ఏడు గజాల నుంచి. అక్కడ అంత దూరం కూడా లేదు. మరెలా తప్పుతుంది? పిస్తోల్లోనే ఏదో ఉంది. ఉండాలి. నాకు నమ్మకం ఉండబట్టే కదా కాల్చాను, లేకపోతే కాలుస్తానా?"

డెల్ నా వైపు చూశాడు. నేను ఒక్క ముక్క కూడా సాయం చెయ్యలేదు. చెయ్యకూడదని ఊరుకున్నాను.

"పిస్తోల్లో ఏమీ లేదు మేస్త్రీ," అన్నాడు చివరికి. "నీకు ఆ రోజు పడ్డవి తొమ్మిదే."

"ఏంట్రా?"

డెల్ కాయితం ఊడదీసి, కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. "తూటా పడ్డచోట చుట్టూ మసి ఉంటుంది. ఇదిగో. ఇదిగో. ఈ ఐదింటికీ లేదు చూడు. ఇవి నేను పెన్సిలుతో పొడిచాను. నువ్వు అలా నిలబడి ఉంటే కాదనలేకపోయాను. ఆ పిల్లని చంపింది నువ్వు కాదు మేస్త్రీ, నేను."

వెర్నన్ కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. వణికే వేలితో ఒక్కొక్క బెజ్జం తడుముతూ లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర ఆగాడు. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. తిడతాడనుకున్నాను, బయటికి పొమ్మంటాడనుకున్నాను. డెల్ కూడా అందుకే కాచుకుని ఉన్నాడు, తల వంచుకుని, చేతులు జారవేసుకుని. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, డెల్ మోచెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాకు చేతకాదని ఆ రోజే చెప్పెయ్యాల్సిందిరా అబ్బాయ్," అన్నాడు. "తెలిసుంటే ట్రక్కు దిగేవాణ్ణే కాదు. అందులోనే కూర్చుని హారన్ కొట్టేవాణ్ణి. వాడు ఆ పిల్లని వదిలేదాకా కొట్టేవాణ్ణి."