టెక్‌హువా పాచికల చట్టం

చువా టెక్‌హువాకి ఉన్న పిచ్చి ఒక్కటే: రూల్సు. అదీ ఏడాది పొడుగునా కాదు. చైనావాళ్ల పేట బినోండోలోని తన కొట్టులో మేకులు తూచేటప్పుడు ఆయన వెన్నలాంటి మనిషి. శరత్కాలపు పున్నమి పండక్కి చువాలంతా హోటలు మేడమీద చేరి, పింగాణీ గిన్నెలో ఆరు పాచికలు వేసి పప్పు కూరిన హోపియాలు గెలుచుకునే ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు.

ఎర్ర అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేవాడు. పాచిక గిన్నె దాటి పడితే వంతు పోయినట్టే. ఇది ఊరందరికీ ఉన్న రూలే. తక్కినవన్నీ ఆయన సొంత సరుకు. తడిచేత్తో వేయకూడదు. వేస్తూ దేవుణ్ణి తలుచుకోకూడదు, బుద్ధుణ్ణయినా, మేరీమాతనయినా సరే. ఒకసారి ఆయన భార్యకే నాలుగు నాలుగులు పడ్డాయి, అంటే అన్నిటికన్నా పెద్ద హోపియా ఆవిడదే.

"చెల్లదు. తుమ్ముతూ వేశావు," అన్నాడు.

"తుమ్మొస్తే ఏం చెయ్యమంటారు?"

"పాచికలు కింద పెట్టి తుమ్మాలి. పదిహేడో రూలు."

ఆవిడ వారం రోజులు ఆయనకి చప్పటి గంజే పోసింది. కిక్కురుమనకుండా తాగాడు గానీ, రూలు మాత్రం కొట్టెయ్యలేదు.

ఇంకో ఏడు పండగనాడు తుఫాను వాన. లిగాయా మెట్లకింద చాలాసేపు నిలబడిపోయింది. ఆమె టెక్‌హువా అన్నకొడుకు బెంగ్‌లిప్ భార్య. చైనా పిల్ల కాదు, బటాంగాస్ నుంచి వచ్చింది. పన్నెండేళ్లు మొగుడి పక్కన ఆ బల్ల దగ్గర కూచుంది. ఏప్రిల్లో అతను గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. ఇక ఈ చువాలకి తను ఏమవుతుంది? పిలుపయితే వచ్చింది. ఇదే ఆఖరి పిలుపేమోనని ఆమె దిగులు.

పైన నవ్వుల్లేవు. బెంగ్‌లిప్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కనే కూచుని, చల్లారిపోతున్న సూపు వంక చూస్తూ ఉండిపోయింది.

గిన్నె ఆమె ముందుకి వచ్చింది.

"ఆగమ్మా," అంది టెక్‌హువా అక్క సియోక్‌టిన్. "ఏడాది తిరగని మైల. నువ్వు పాచికలు ముడితే అందరికీ అరిష్టం. ఏరా, దీనికి రూలు ఉందా లేదా?"

టెక్‌హువా కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాడు.

"లేదక్కా."

"లేకపోతే రాయి! ఏడాదికి నాలుగు రాస్తావుగా?"

"పెన్నులో ఇంకు లేదు."

ముగ్గురు అల్లుళ్లు మూడు పెన్నులు తీశారు.

"అవన్నీ నీలం. ఇందులో నల్లరంగే రాయాలి, రెండో రూలు. అమ్మాయ్, వెయ్యి."

లిగాయా వేసింది. అయిదు పాచికలు గిన్నెలో నిలిచాయి, ఆరోది ఎగిరి బల్లమీద దొర్లి, వెనిగర్ గిన్నె దగ్గర ఆగింది.

సియోక్‌టిన్‌కే జాలేసింది. "పాపం, పోనీలేరా. ఇంకోసారి వెయ్యనీ. అతిథి కదా."

అతిథి! పన్నెండేళ్ల కాపురం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయినట్టయింది. లిగాయా కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

టెక్‌హువా పుస్తకంతో బల్లమీద ఒక్కటి వేశాడు. "అతిథులైతే ఇంకోసారి వెయ్యొచ్చు. ఇంటికోడలికి ఆ మర్యాదలేం లేవు. వంతు పోయింది! గిన్నె అటు జరుపు."

లిగాయా తలెత్తింది. ఆయన మొహంలో జాలి అన్నది మచ్చుకైనా లేదు. తక్కిన చువాలందరి వంకా ముప్ఫయ్యేళ్లుగా ఎలా ఉరిమి చూస్తున్నాడో, సరిగ్గా అలాగే చూస్తున్నాడు.

"ఎలా పోతుంది ఆచెక్?" అంది కళ్లు తుడుచుకుని. చిన్నాన్నని అక్కడ అలాగే పిలుస్తారు. "గిన్నె అంచుకి తగిలాకే ఎగిరింది!"

"తగిలితే?"

"లోపల పడ్డట్టే! ఏదీ, రూలు చూపించండి."

"నాకే ఎదురు చెప్తావా? వచ్చే ఏడు వంతు కూడా కోసేస్తాను, జాగ్రత్త!"

"కొయ్యండి, చూస్తాను! వచ్చే ఏడూ ఇక్కడే కూచుని దెబ్బలాడతాను!"

"దెబ్బలాడు. ఆలస్యంగా మాత్రం రాకు," అన్నాడు టెక్‌హువా.