కింది వరుసలో సంతకం

ఆ రోజుల్లో నాకు రాని ఇంగ్లీషు లేదని నేను నమ్మేదాన్ని. నాకంటే గట్టిగా మా నాన్న నమ్మేవారు. రెండువేల సంవత్సరం దాటి ఇంకా ఎంతో కాలం కాలేదు. ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తిచేసి, తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా చేరి, ఏలూరు నుంచి రోజూ పాసింజరు రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి కైకలూరు నుంచి చేపలు తెచ్చే ఆయనకి కూడా, "మా అమ్మాయండీ, మా ఇంట్లో ఇంగ్లీషు నేర్చిన మొదటి ఆడపిల్ల" అని నాన్న పరిచయం చేసేవారు. నేను సిగ్గుపడినట్టు నటించేదాన్ని (అలా చెప్పొద్దని మాత్రం ఒక్కసారీ అనలేదు).

ఆ ఏడు మా చర్చి వార్షికోత్సవంలో పాత కుటుంబాలవాళ్ళు తమ పెద్దల చరిత్ర చెప్పాలన్నారు. నాయనమ్మ తన బైబిల్లోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి సర్టిఫికెట్టు, దొరల కాలంది, అంతా ఇంగ్లీషే. "మా తాతగారు ఇంగ్లీషులో సంతకం పెట్టి పెళ్ళి చేసుకున్నారండీ" అని నాన్న ఊరంతా చెప్పుకునేవారు గాని, ఆ కాగితం చదివినవాళ్ళు మా ఇంట్లో లేరు. నేను దర్జాగా కూర్చున్నాను. అచ్చు అక్షరాలు సరే, చేత్తో రాసినవి వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. గంటసేపు కూడబలుక్కుంటే ముత్తాత వృత్తి వడ్రంగం అని తేలింది. నివాసం అన్న గడిలో ఇద్దరికీ మిషను కాంపౌండే రాసి ఉంది. నాన్న కంగారుపడిపోయి, "పెళ్ళికి ముందే ఒకే చోటా? అది పైకి చదవకమ్మా" అన్నారు. "అమ్మ అక్కడ బోర్డింగులో చదువుకునేదిరా, నాన్నగారు బల్లలు చేసేవారు" అని నాయనమ్మ విసుక్కుంది. ఆ మాట నా చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. అడుగున ఒకచోట గుండ్రటి సంతకం, ఇంకోచోట ఇంటూ గుర్తు ఉన్నాయి. ఏది ఎవరిదో చూడాలని కూడా నాకు తోచలేదు. "ఆ సంతకాల సంగతి అక్కడెందుకే" అంది నాయనమ్మ. వాళ్ళమ్మకి చదువు రాదని మొహమాటపడుతోందనుకున్నాను.

వార్షికోత్సవం నాడు చర్చి నిండిపోయింది. పెంటపాడు నుంచి మేనత్తలు కూడా వచ్చారు. నేను మైకు పట్టుకుని, "మా ముత్తాతగారు ఇంగ్లీషులో సంతకం చేశారు. మా తాతమ్మకి పాపం చదువు లేదు, గుర్తు పెట్టింది. ఆవిడ మునిమనవరాలిని, నేను ఈ రోజు ఎం.ఏ. ఇంగ్లీషు!" అని గొంతు వణికించాను. చప్పట్లు మోగిపోయాయి. నాన్న కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు నన్ను మెచ్చుకుని, కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏవమ్మా, మన చర్చిలో పెళ్ళి రిజిస్టరు రాసేది నేనే కదా. పై వరుస పెళ్ళికొడుకుది, కింది వరుస పెళ్ళికూతురిది. ఇందులో గుర్తు పై వరుసలో ఉందమ్మా" అన్నారు. మైకు ఆపడం ఆయన మరిచిపోయారు.

నాన్న వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇన్నేళ్ళుగా ఆయన ఊరంతా చెప్పుకున్న తాతగారి పరువు ఒక్క నిమిషంలో పోగొట్టాననుకున్నాను. అప్పుడు ముందు వరుసలోంచి నాయనమ్మ లేచింది.

"మా అమ్మ సంతకమేనండీ అది. నాన్నగారు చిన్నబుచ్చుకుంటారని ఎవరికీ చెప్పనిచ్చేది కాదు. ప్రార్థనలో ఆయన బైబిలు తెరిచి పట్టుకుని కీర్తనలు చెబుతుంటే అందరూ చదువుతున్నారనే అనుకునేవారండీ. అన్నీ అమ్మ కంఠతా పట్టించినవే. ఆయన ఎప్పుడూ పేజీ తిప్పేవారు కాదు, మీరెవరూ చూడలేదు" అంది.

ముందు నవ్వులు లేచాయి, తరవాత చప్పట్లు. నాకు పడినవాటికి రెట్టింపు. ఇంటికొచ్చాక ఆ సంతకాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. ఒక్కో అక్షరం విడివిడిగా, గట్టిగా ఒత్తి రాసి ఉంది. ముత్తాత చేసిన బల్ల మీదే కూర్చుని దిద్దుకుందేమో. నాకు సిగ్గూ గర్వమూ ఒకేసారి ముంచుకొచ్చాయి, గర్వమే ఎక్కువ.

నాన్న మూడు రోజులు ఆ కాగితాన్ని తీసి చూస్తూ, మళ్ళీ మడతపెడుతూ గడిపారు. నాలుగో రోజు చేపలాయన వస్తే నన్ను కేకేసి పిలిచి, "మా అమ్మాయండీ, మా ఇంట్లో ఇంగ్లీషు నేర్చిన రెండో ఆడమనిషి" అన్నారు. మొదటిదాన్ని అన్నప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదు.

తరవాత కొన్నేళ్ళకి అదే చర్చిలో నా పెళ్ళయింది. పాస్టరుగారు రిజిస్టరు నా ముందు పెట్టి, "కింది వరుసమ్మా" అని నవ్వారు. తాడేపల్లిగూడెం రైల్లో తల ఎగరేసుకుని తిరిగిన ఆ అమ్మాయి గుర్తొచ్చి నాకూ నవ్వాగలేదు, ఆ నవ్వులో సంతకం వంకరపోయింది. ఇప్పుడు రెండు సర్టిఫికెట్లూ ఒకే బైబిల్లో ఉన్నాయి. అప్పుడప్పుడూ తీసి పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. మా తాతమ్మదే బాగుంది.