తాలింపు చప్పుడు

దయ్యాలన్నా, గాలి సోకిందన్నా నాకు మొదట్నుంచీ నవ్వులాటే. తెనాలిలో మా పక్కింటావిడ చింతచెట్టు మీద ఏదో ఉందని భయపడుతుంటే, కరెంటు తీగేమో చూడండమ్మా అని ఏడిపించేవాణ్ణి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లకి పరీక్షలు చెయ్యడం నా పని. మీటరు చూపించనిది నేను నమ్మను. ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం లేదు.

రేపల్లె నుంచి పెనుమూడి వెళ్లే దారిలో, చేపల వ్యాపారం చేసే ఒక కుటుంబం ఐసు ఫ్యాక్టరీ పెట్టుకుంది. దాని ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇచ్చే రోజు పొద్దున్నే నేనూ, మా అక్క భర్తా వెళ్లాం. బావ లైను పనులు చేస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే నిలబడి స్విచ్చు హ్యాండిల్ వెయ్యాల్సింది ఆయనే. లోపల తేడా ఉంటే ముందు కాలిపోయేదీ ఆయనే.

అందుకే ముందు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకులో ఉండే నూనెకి పరీక్ష. గిన్నెలో నూనె పోసి, రెండు లోహపు గుండ్ల మధ్య వోల్టేజి పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట నిప్పురవ్వ దూకుతుంది. నీరు కలిసిన నూనె తొందరగా చేతులెత్తేస్తుంది. నీరు అడుక్కి దిగుతుంది కాబట్టి అడుగు వాల్వు నుంచే నూనె పట్టాలి.

మేం వెళ్లేసరికి పూజ అయిపోయింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, అన్నీ ఆ అడుగు వాల్వుకే. "పూజ చేసింది కదిలించమాకు నాయనా" అంది యజమాని తల్లి. పెద్దావిడ మాట కాదనలేక పై వాల్వు నుంచి పట్టాం. ఫలితం దివ్యంగా వచ్చింది.

బావ గ్లవ్స్ తొడుక్కుని హ్యాండిల్ పట్టుకున్నాడు. అప్పుడు వినపడింది. కాగిన నూనెలో తడి కరివేపాకు వేస్తే వచ్చే చిటపట. ట్రాన్స్‌ఫార్మర్ లోపల్నుంచే.

ఆగమని అరిచాను. వెళ్లి ట్యాంకు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. చుట్టూ రొయ్యల చెరువులే, ఎక్కడా పొయ్యి లేదు. ఆ చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడలేదట.

"ఏంట్రా, ఆకలేస్తోందా?" అన్నాడు బావ. ముహూర్తం దాటిపోతోందండీ అని యజమాని గొణిగాడు.

నాకు భయమూ మొండితనమూ కలిసి వచ్చాయి. పెద్దావిడకి దణ్ణం పెట్టి, దండ నేనే తీసి, అడుగు వాల్వు తిప్పాను. నూనెతోపాటు సీసాలోకి నీటి బొట్లు జారాయి. పరీక్షకి పెట్టి వోల్టేజి పెంచడం మొదలెట్టానో లేదో, రవ్వ దూకింది.

బావ ఉన్నచోటే నేల మీద చతికిలబడ్డాడు. పెద్దావిడ వచ్చి ఆయన తల నిమిరింది.

నూనె వడకట్టించి, చెమ్మంతా తీయించి, ఈసారి అడుగు నుంచే పరీక్షించి, ఇంకో రోజు కరెంటు ఇచ్చాం. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్యిమంటుంటే నా ప్రాణం లేచొచ్చింది.

కరెంటు లేకుండా, చల్లగా ఉన్న నూనె చిటపటలాడదు. చెవిలో లోపమేమోనని డాక్టరుకి కూడా చూపించుకున్నాను, ఏమీ లేదన్నాడు. నేను విన్నదేమిటో నాకిప్పటికీ తెలీదు.

అక్కావాళ్లు బాపట్లలో ఉంటారు. మొన్న ఆదివారం భోజనానికి వెళ్లాను. వంటింట్లో అక్క పప్పుకి తాలింపు పెట్టింది. కబుర్లాడుతున్న మేమిద్దరం టక్కున ఆగిపోయాం.

"ఏంటి, ఇద్దరూ మూగబోయారు?" అంది అక్క.

"ఏం లేదే" అన్నాడు బావ, నా వైపు చూస్తూ. "ఈసారి నాకూ వినపడింది."