పాకం మేస్త్రి వదిలి వెళ్లిన పని

బోధన్ దగ్గర చక్కెర తీసే ఒక చిన్న ఖండసారి మిల్లులో నేను చెరుకు గానుగ మీద పనిచేసేవాణ్ణి. మాది రెంజల్ వైపు పల్లె. పాకం చూసే మేస్త్రిది కృష్ణా జిల్లా. మరుగుతున్న రసంలో గరిటె ముంచి, రెండు వేళ్ల మధ్య తీగ సాగదీసి, ఇక దింపమనేవాడు. ఆయన అంచనా తప్పడం నేను చూడలేదు. మిల్లు పక్కనే ఉన్న మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. పి.యు.సి. పాసై నా దగ్గర ఉంటున్న తమ్ముడికి మేస్త్రి భార్య వేసే పెసరట్లంటే ప్రాణం. ఆమె యాసను వాడు వెక్కిరిస్తే, ఆమె నవ్వుతూ ఇంకొకటి వడ్డించేది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచిన ఏడు ఆ నవ్వులు ఆగిపోయాయి. అప్పటికి తమ్ముడు రెండేళ్లుగా నౌకరీ కోసం తిరుగుతున్నాడు. ఊరేగింపుల్లో ముందు వరుసలో నడవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నా భార్య వడ్డించిన అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"నీళ్లు మనయి, చెరుకు మనది. నౌకరీలు మాత్రం వేరేటోళ్లకా అన్నా?"

"మేస్త్రి నీ నౌకరీ గుంజుకున్నడా?"

"గాయన మంచోడే. గాయన మంచోడైతే నాకు పని దొరుకుతదా?"

వాడన్నదాంట్లో న్యాయం ఉంది. గోడ అవతల మేస్త్రి దగ్గు వినిపిస్తోంది. మా మాటలు కూడా అటు వినిపిస్తున్నాయని తెలిసి, గొంతు తగ్గించమని వాడికి సైగ చేశాను.

ఆ వారంలోనే ఎవరో మేస్త్రి తలుపు మీద బొగ్గుతో 'పో' అని రాశారు. అది తమ్ముడి రాతేమోనని దగ్గరికి వెళ్లి చూశాను. కాదు. కానీ అలా చూసినందుకు రోజంతా సిగ్గుపడ్డాను.

"వర్నిలో మావాళ్లున్నారు. అక్కడిదాకా తోడొస్తారా?" అని మేస్త్రి అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఆయన్నూ భార్యాపిల్లల్నీ ఎడ్లబండిలో ఎక్కించుకుని బయల్దేరాను. కాలువ వంతెన దగ్గర పదిమంది అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్లలో మా తమ్ముడున్నాడు.

"బండిల ఎవరు?" అని ఒకడు అడిగాడు. నేను ఎడ్ల పగ్గాలు బిగించి పట్టుకున్నాను. తమ్ముడు వచ్చి బండిలోకి తొంగిచూశాడు. మేస్త్రి భార్య తల దించుకోలేదు. వాడినే చూస్తూ కూర్చుంది. వాడే ముఖం తిప్పుకుని, "మా వదినె తరఫోళ్లు. పోనియ్యిండ్రి" అన్నాడు.

మేస్త్రి మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు సొంత జిల్లాకు వెళ్లిపోయాడని విన్నాను. మిల్లులో ఆయన పని తమ్ముడికి ఇచ్చారు. మొదట్లో పాకం మాడ్చాడు, వేళ్లు బొబ్బలెక్కించుకున్నాడు. తర్వాత నేర్చుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు, ఊరేగింపులు మానేశాడు. కొన్నేళ్ల తర్వాత చెరుకు నరకడానికి వచ్చిన మరాఠీ కూలీలను మావైపు కుర్రాళ్లు అడ్డుకుంటే వాడే వెళ్లి సర్దిచెప్పాడు.

"బతకనీకి వచ్చిండ్రు. వాళ్లతోని మనకేం నష్టం?"

నేను సంతోషించాల్సింది. కానీ మనసు కుదుటపడలేదు. చేతిలో పని ఉంటే మనిషి మెత్తబడతాడు, నిజమే. ఆ పని మేస్త్రిది. మరి వంతెన మీద నిలబడిన రోజు వాడికి ఏ పనీ లేదు కదా? ఆ రోజు బండిని ఎందుకు వదిలేశాడు? ఎంత ఆలోచించినా నాకు తెగలేదు.

"మేస్త్రికి ఉత్తరం రాద్దామా?" అని వాణ్ణి అడిగాను.

"ఏం రాస్తవన్నా? నీ జాగల నేనున్న అని రాస్తవా?" అన్నాడు.

వర్నికి రెండుసార్లు తిరిగి చిరునామా పట్టుకున్నాను. ఉత్తరం రాశాను గానీ తమ్ముడి సంగతి ఎత్తలేదు. నెల తిరక్కముందే జవాబు వచ్చింది. పిల్లల చదువుల గురించి, అక్కడి వానల గురించి రాసి, చివర్లో మేస్త్రి అడిగాడు: "మీ తమ్ముడికి ఉద్యోగం దొరికిందా? కుర్రాడు మంచివాడు."

ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు.