మూడు కెమెరాలకు మూడు బొట్లు

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక కూడా నన్ను మీ ఇంటికి పిలవాలనిపిస్తే, కళ్ళజోళ్ళు, అద్దాలు, గాజు సామాన్లు బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ఎందుకంటే ఒక్క పూటలో మూడు ఖరీదైన కెమెరాలకు చూపు పోగొట్టిన మనిషిని నేను. అదీ కోపంతో కాదు, చేయి జారీ కాదు. తలంటుకుని, దీపం వెలిగించి, నిండు భక్తితో చేశాను. మామూలు తప్పయితే దేవుడి ముందు నిలబడి క్షమించమని అడగొచ్చు. దేవుడి ముందే నిలబడి చేసిన తప్పుకు ఎవర్ని అడగాలో మీరే చెప్పండి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది పలాస పక్కన కాశీబుగ్గ. చిన్నప్పుడు పెద్ద జబ్బు చేసి బడి మానిపించేస్తే, నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆ రుణం ఈ జన్మకు తీరదు. నాన్నకు చిన్న జీడిపప్పు షెడ్డు ఉండేది కాబట్టి నా లెక్కలన్నీ జీడిపలుకులతోనే సాగాయి. నా భాగహారంలో శేషం ఎప్పుడూ సున్నాయే. మిగిలినవి నోట్లో వేసుకునేదాన్ని.

విశాఖలో ఉన్న మావయ్య ఓసారి సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా కొనిచ్చాడు. బజారులో అప్పుడే నెట్ సెంటరు పెట్టారు. వారానికొక గంట, పక్కన అమ్మ కాపలా ఉండాలన్న షరతు మీద వెళ్ళేదాన్ని. ఒక్క ఫొటో ఎక్కేలోపు అమ్మ నూట ఎనిమిదిసార్లు రామనామం పూర్తిచేసేది. అంత పుణ్యంతో పైకెక్కిన నా ఫొటోలు మన జిల్లావాళ్ళ ఫొటోల గుంపు ఒకదానిలో పడేవి. నెట్లో నా పేరు ‘జీడిమామిడి’.

ఆ గుంపులో నాకు ముగ్గురు ఆప్తులు. విశాఖలో ఉద్యోగం చేసుకునే పద్మక్క. సోంపేటలో మందుల షాపున్న సింహాచలం బాబాయి. మూడోవారు ‘పాతపడవ’. ఆయన బొమ్మ ఉండాల్సిన చోట తెల్లగడ్డం ముసలాయన ఉండేవాడు. మాటలూ అలాగే ఉండేవి. “వెలుతురు తొందరపడేవాళ్ళకు దొరకదు తల్లీ” అని రాస్తే ఇంకేమనుకుంటాం? ఏడాదిపాటు ఆయన్ని “తాతగారూ” అని పిలిచాను. చలికాలమంతా మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగాను. ‘పరవాలేదు తల్లీ’ అని రాసేవారు పాపం.

నలుగురం కలుసుకోవాలనుకున్నాం. ఒకే రోజు మా ఊరి వీధుల్లో నడుస్తూ ఫొటోలు తీయాలి. తలా ఒక ఫొటో టెక్కలి గ్రంథాలయం హాల్లో ప్రదర్శనకు పెట్టాలి. నా ఫొటో ఒక గోడమీద వేలాడటం! ఆ మాట తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టేది కాదు. నాన్న మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు.

“పెద్దాయన వొత్తన్నారని ఒప్పుకున్నాను. ఏ తేడా వొచ్చినా కెమెరా బీరువాలోకి ఎల్తాది. నెట్టు లేదు, గిట్టు లేదు. ఇంటన్నావా?”

“తేడా ఎందుకొత్తాది నాన్నా? అంతా అమ్మవారు సూసుకుంటాది” అన్నాను. పాపం అమ్మవారు!

ఆ రోజు పొద్దున్నే పలాస స్టేషనుకు నాన్న, నేను వెళ్ళాం. తాతగారి కోసం నాన్న పక్కింటి నుంచి చేతికర్ర అడిగి తెచ్చారు. రైలు ఇంకా ఆగనే లేదు, ఒక కుర్రాడు చెంగున ప్లాట్‌ఫారం మీదకు దూకి మా ముందుకొచ్చి నవ్వాడు. వెనకాలే పద్మక్క దిగింది.

“జీడిమామిడి మీరేనా?”

“అవునండి. తాతగారు రాలేదా?”

“నేనేనండీ తాతగారిని. నా పేరు మోహన్.”

 నాన్న ఆ కుర్రాడి నల్లటి జుట్టు చూశారు. మోకాళ్ళు చూశారు. తర్వాత తన చేతిలో ఉన్న కర్ర చూసుకున్నారు. ఆ సమయంలో ఆయన చేతిలో కర్ర ఉండటం నాకంత మంచి విషయంగా కనిపించలేదు.

“మరి ఆ గెడ్డపాయనెవులు?” అన్నారు నాన్న.

“భావనపాడులో ఒక మత్స్యకారుడండి. నేను మొట్టమొదట తీసిన ఫొటో.” మోహన్ నావైపు తిరిగి, “మీరంత ప్రేమగా మోకాళ్ళ నొప్పులు అడుగుతుంటే, లేవని చెప్పడానికి మొహమాటమేసింది” అన్నాడు.

అప్పుడే ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ప్యాసింజరులో, బట్టతల, బొజ్జ, పెద్దరికం అన్నీ ఉన్న సింహాచలం బాబాయి దిగారు కాబట్టి బతికిపోయాను. “పెద్దోణ్ణి నానున్నాను గదండీ, బెంగెట్టుకోకండి” అని నాన్న భుజం మీద చెయ్యి వేశారు. నాన్న కర్రను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, “ఇది మొదటి తేడా” అని నాకు మాత్రమే వినపడేలా అన్నారు. రెండోది ఉండకూడదని నాకు అర్థమైంది.

ఇంటికి తీసుకొచ్చాం. అమ్మ తాతగారి కోసం పళ్ళు లేకపోయినా దిగేలా చోడంబలి, అదే రాగిజావ, కాచింది. మోహన్ నోరెత్తకుండా రెండు గ్లాసులు తాగాడు. వాళ్ళు వెనక వసారాలో టిఫిన్లు చేస్తుంటే ముందుగదిలో మంచం మీద మూడు కెమెరాలు వరసగా కనిపించాయి. నల్లగా, పెద్దగా, ముక్కులు ముందుకు పెట్టుకుని. నా సబ్బుపెట్టె వాటి పక్కన పిల్లకోడిలా ఉంది.

నా గుండె నిండిపోయింది. ఎక్కడెక్కడి మనుషులు, నన్ను వెతుక్కుంటూ వచ్చారు! నేను వాళ్ళకేమివ్వగలను?

ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. జీడిపిక్కలు కొట్టే మిషను కొత్తగా వచ్చినా, కొత్త పని మొదలెట్టినా బొట్టు పెట్టకుండా చెయ్యి వెయ్యం. మిషను అదిరినప్పుడు బొట్టు రాలిపోతుంది కనుక పసుపూ కుంకుమా నువ్వులనూనెలో ముద్దగా కలిపి పెడతాం. ఆ బొట్టు ఏడాది దాకా చెక్కు చెదరదు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

నా చిన్న కెమెరా వచ్చిన రోజున దానికీ పెట్టాను. అది ఆపేయగానే కన్ను లోపలికి వెళ్ళి రెప్ప మూసుకునే రకం. రెప్ప పక్కన పెట్టిన బొట్టు దాన్నేమీ చేయలేదు. వీటికేమో ముందు గుండ్రటి మూతలున్నాయి. మూతకు పెడితే అది మూతకు పెట్టినట్టు గానీ కెమెరాకు పెట్టినట్టా? ముసుగుమీద ఎవరైనా బొట్టు పెడతారా? మూడింటినీ దేవుడి గదిలోకి తెచ్చుకున్నాను. మూతలు తీశాను. తళతళలాడే గాజు! సరిగ్గా నడిమధ్యన, బొటనవేలంత బొట్టు, ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి పెట్టాను. హారతి వెలిగించి, ఇత్తడి పళ్ళేన్ని నేలమీద పెట్టి, మోహన్ కెమెరాను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎక్కడో ‘టక్’మని చప్పుడైంది. అమ్మవారు అవునంది అనుకుని ఒళ్ళు పులకరించింది. మూతలు మళ్ళీ భద్రంగా బిగించి, మంచం మీద ఎక్కడివక్కడ పెట్టేశాను. చెప్పి చేస్తే పుణ్యం తగ్గుతుందని ఎవరికీ చెప్పలేదు.

నడక మొదలైంది. తాతగారు కాకపోయినా మోహన్ తాతగారి నియమాలు మానలేదు. “మొదటి గంట ఎవరూ మూత తీయకూడదు. ముందు ఊరిని కళ్ళతో చూడాలి.” నాకెంత నచ్చిందో ఆ మాట! బజారంతా తిరిగాం. ఆటోలవాళ్ళు, గేటు దగ్గర రైలు కోసం ఆగిన జనం, బస్తాలమీద కునికే పిల్లి, అన్నీ కళ్ళతోనే చూసి చివరికి నాన్న షెడ్డుకు చేరాం. రేకు కంతల్లోంచి ఎండ కర్రల్లా దిగుతోంది. పిక్కలు కాల్చే పొగలో ఆ వెలుతురు చూసి పద్మక్క “అబ్బ!” అని ఆగిపోయింది.

“ఇప్పుడు తీయండి మూతలు” అన్నాడు మోహన్.

ముగ్గురూ ఒకేసారి మూతలు లాగి, కళ్ళకు ఆనించుకున్నారు. నేను చేతులు కట్టుకుని, అమ్మవారి మహిమ కోసం ఎదురుచూస్తున్నాను.

“ఇదేంటి, అప్పుడే సాయంత్రమైపోయింది?” అంది పద్మక్క.

“నాకూ అంతా ఎర్రగా కనిపిత్తన్నాది. పొద్దున్న బీపీ బిళ్ళ యేసుకోనేదు” అని సింహాచలం బాబాయి దగ్గర్లో ఉన్న బస్తామీద కూలబడ్డారు.

మోహన్ కన్ను తీసి, మళ్ళీ ఆనించి చూశాడు. కెమెరాను మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు. కెమెరా అతన్ని ముత్తయిదువలా చూసింది.

పిక్కలు కొట్టే ఆదమ్మ మిషను ఆపింది. “ఓలమ్మ! పెళ్ళికూతుర్లలాగున్నాయే! ఎంత సక్కగా పెట్టినారు! ఎవులు పెట్టినారో గానీ!”

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ మెచ్చుకోలు వినపడ్డాక ఆగుతామా?

“నేనే!” అన్నాను, నవ్వుతూ. “మూతలకు పెడితే బాగోదని, తీసి మరీ పెట్టాను. నూనెతో కలిపాను, ఏడాది దాకా పోదు!”

షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి.

“ఏడాదా?” అంది పద్మక్క. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తన దగ్గరున్న చిన్న గుడ్డతో తుడిచింది. బొటనవేలంత బొట్టు రూపాయి బిళ్ళంత అయింది. ఇంకోసారి తుడిచింది. గాజంతా సిందూరమైంది.

“ఇలాగ తే అమ్మా, నాను తుడిసీత్తాను” అని ఆదమ్మ చేయి చాచింది. జీడిసొనతో నల్లబడిన చెయ్యి! అది తగిలితే ఒళ్ళే బొబ్బలెక్కుతుంది.

“వొద్దు!” అని నలుగురం ఒకేసారి అరిచాం.

“ఏటి అరుత్తన్నారు? నా సేతికి పనిరాదేటి?” అని ఆదమ్మ అలిగి కూర్చుంది.

అదే సమయానికి మజ్జిగ తెచ్చిన అమ్మ సంగతి విని, “ఓస్ ఇంతేనా? ఇంటికి తెండి, సింతపండు, బూడిద యేసి తోమీత్తాను. దీపం కుందెల్లాగ మెరిసిపోతాయి” అంది. మోహన్ కెమెరాను గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

నాన్న అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నావైపు రాలేదు. వాళ్ళ ముగ్గురి ముందుకు వెళ్ళి చేతులు జోడించారు. “బడిలో సదివుంటే పంతుళ్ళని అందును. దీనికి సదువు సెప్పింది నానే. తప్పు నాది బావూ.”

 తిట్టి ఉంటే బాగుండును. ఏడుస్తూ, నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క వస్తువును, నా సబ్బుపెట్టెను, పద్మక్క చేతిలో పెట్టాను. “ఇది చూడగలదక్కా. మీరు తీసుకోండి.”

అలా ముగ్గురు పెద్ద ఫొటోగ్రాఫర్లు పిల్లల బొమ్మలాంటి కెమెరాను వంతులవారీగా పట్టుకుని ఊరంతా తిరిగారు. సింహాచలం బాబాయి చేతిలో అది కనపడేదే కాదు. ఉత్త చేతుల్లోకి చూస్తున్నారనుకుని జనం జాలిపడ్డారు. ముగ్గురికీ మూడు మంచి ఫొటోలు దొరికాయి. నా వంతు వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది.

ఒక్కరూ నన్ను మాట అనలేదు. రైలెక్కుతూ మోహన్, “విశాఖలో శుభ్రం చేయిస్తే పోతుంది తల్లీ” అన్నాడు. ఆ ‘తల్లీ’కి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళగానే నాన్న కెమెరా తీసుకుని బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

నెల తర్వాత షెడ్డుకు మోహన్ ఫోను చేశాడు. కెమెరాలు మూడూ బాగయ్యాయని చెప్పాడు. తన కార్డులో తాను తీయని ఫొటో ఒకటి దొరికిందనీ, దాన్ని నా పేరుతో గోడకు పెడుతున్నాననీ చెప్పాడు. ఏం ఫొటో అంటే, “వచ్చి చూడండి” అన్నాడు. నాన్న, “ఎల్లి మరోపాలి సెమాపణ సెప్పుకొద్దాం” అని టెక్కలి బస్సెక్కించారు.

హాల్లో ఒక ఫొటో ముందు గుంపు కనపడింది. తొంగిచూశాను. ఎర్రటి ఆకాశం. నడుమ నిండుగా, గుండ్రంగా, మండుతున్న సూర్యుడు. కింద బంగారు గీతలా సముద్రపు అంచు. దానికింద నా పేరు!

“ఇది బారువే. ఈ సూరీడు మా ఊల్లో తప్ప లెగడు” అంటున్నాడు తలపాగా పెద్దాయన. చేతులెత్తి దండం కూడా పెట్టేశాడు.

“కాదెహె, భావనపాడు. ఆ నీటి రంగు సూడు మావా” అంటున్నాడు పక్కాయన.

నాన్న మొహం ఆ ఫొటోకంటే ఎర్రబడింది. “బారువెప్పుడెల్లినావు? అదీ సూరీడు లెగిసీయేలకి? అంటే సీకట్నే గడప దాటీసినావన్నమాట! ఎవులితో ఎల్లినావు?”

“నాను సముద్రం మొహం సూసి ఏడాదైంది నాన్నా, అమ్మవారి మీదొట్టు!” అన్నాను. మళ్ళీ ఫొటో వైపు చూశాను. చూస్తూనే ఉండిపోయాను. “నాన్నా... ఆ సముద్రానికి కుడిపక్కన సొట్ట ఉంది. సూడు.”

నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని, ముక్కు ఫొటోకు తగిలేంత దగ్గరగా వంగారు. ఆ సొట్ట ఆయనకు బాగా తెలుసు. రెండేళ్ళ కిందట పళ్ళెం జారవిడిచింది ఆయనే.

“ఓరి నాయనో! ఇది మన హారతి పళ్ళెం కదేటి!” హాలంతా మారుమోగింది.

కన్నుకు నా బొట్టు అడ్డంపడి, చూపు కుదరక, కర్పూరం జ్యోతి అలికిపోయి సూర్యుడైంది. నేను కళ్ళు మూసుకున్నప్పుడు ‘టక్’మన్నది అమ్మవారు కాదు, మోహన్ ఆపడం మరిచిపోయిన కెమెరా. తలపాగా పెద్దాయన కంగారుపడ్డాడు. “మరి నాను దండమెట్టీసినాను?”

“పరవాలేదు మావా,” అన్నారు నాన్న, గొంతు తగ్గించి. “హారతికే ఎట్టినావు. ఫలితం ఎక్కడికీ పోదు.” కాసేపు ఆ ఫొటోనే చూశారు. తర్వాత మొలతాడు తడుముకుని, తాళంచెవి విప్పి, నా చేతిలో పెట్టారు. “దేవుడి గదిలో తీసిన ఫొటోకి నానెందుకు అడ్డం?”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మనస్ఫూర్తిగా చేతులు జోడించి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలోనే కాదు, వచ్చే ఏడు జన్మల్లోనూ గాజు కన్నున్న దేనికీ బొట్టు పెట్టను. ఇన్నేళ్ళుగా ఆ మాట తప్పలేదు. మొన్న నాన్నకు కొత్త కళ్ళజోడు వచ్చినప్పుడు కూడా అద్దాల జోలికి పోలేదు.

నాన్నకే పెట్టాను.