గోధుమరంగు పెట్టెకు కొత్త కొక్కెం

నా చిన్నప్పుడు పక్కింటి తాతయ్యగారి బొమ్మ గూడ్సుబండిని దయ్యం ఆపేసిందని మా చుట్టాలు ఇప్పటికీ కథ చెబుతారు. సగం అబద్ధం. దయ్యమో మరొకటో, అది విడదీసింది ఒక్క పెట్టెనే. ఆ పెట్టెను పక్కదానికి గట్టిగా తగిలించి బండి మొత్తం ఆగేలా చేసింది నేను. నా పనిని ఇంకెవరి ఖాతాలోనో వేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు ఢిల్లీలో సర్కారీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. తాతయ్య రైల్వేలో గూడ్సు పెట్టెలు తనిఖీ చేసి రిటైరయ్యాక, భార్యతో కలిసి ఆఫీసరైన కూతురి దగ్గరికి వచ్చారు. భార్య పోయాక గదులన్నీ చుట్టేలా నేలమీద బొమ్మ పట్టాలు పరిచారు. పెట్టెల్లో గోధుమరంగుదానికి బతికుండగా రంగు వేసింది ఆవిడే. ఆవిడ కన్నుమూసిన గది గుమ్మం దగ్గర ఆ పెట్టె ప్రతిసారీ బండి నుంచి ఊడి నిలిచిపోయేది. మిట్టమధ్యాహ్నం చూసినా నాకు వీపు చల్లబడేది.

ఆయన కూతురు, నేను ఆంటీ అనే ఆవిడ, ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్కసారి ఊడిందంటే మొత్తం పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చేస్తా నాన్నా. పిల్లలు భయపడుతున్నారు. బస్, హో గయా, ఇక చాలు!"

"పిల్లలేం కాదు, భయం నీకే" అన్నారాయన.

నన్ను పిలిచి, విడిభాగాల డబ్బా ముందు పెట్టి, ఆ పెట్టెకు కొత్త చక్రాలు, కొక్కెం ఎంచమన్నారు. నేను మెరిసే ఇత్తడి చక్రాలు తీశాను. ఆయన వద్దనలేదు. బిగించనిచ్చి, అద్దం పలక మీద పక్క పెట్టెతో కలిపి నిలబెట్టారు. నా పెట్టె కొక్కెం పక్కదానికి అందకుండా, రెండు బియ్యపుగింజలంత ఎత్తున గాలిలో ఉంది.

"చక్రం బాగుందా అని కాదు అమ్మడూ, పక్కదానికి అందిందా అని చూడు."

పక్కవాటినే ఎత్తు పెంచవచ్చుగా అని వాదించాను.

"నీ ఒక్క పెట్టె కోసం మిగతా అన్నిటినీనా? అచ్ఛా, లాయరమ్మా!"

చివరికి మెరుపు లేని పొట్టి చక్రాలు, కొత్త కొక్కెం కుదిరాయి. కొక్కేలు ఎదురెదురుగా కలిశాయి. లాగి చూశాను, ఊడలేదు.

బండి నడిపే మీట నా చేతికే ఇచ్చారు. ఆంటీ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆ గుమ్మం దగ్గర గోధుమరంగు పెట్టె ఊడలేదు. బండి మొత్తం ఆగింది.

ఆపడానికి నేను మీట తిప్పలేదు. ఇంజను దీపం వెలుగుతూనే ఉంది, మోటారు సన్నగా మూలుగుతోంది, చక్రాలు మాత్రం కదలవు. ఖాళీ గదిలోంచి తడి రంగు వాసన వచ్చింది. తాతయ్య దూరంగా, గోడకు ఆనుకున్న చోటే ఉన్నారు. గుమ్మం వైపు చూస్తూ మెల్లగా అడిగారు: "ఎక్కావా?"

బండి కదిలింది.

ఆంటీ నేలమీద కూర్చుని, "మళ్లీ నడిపించండి నాన్నా" అంది. కబాడీ మాట ఆ ఇంట్లో మళ్లీ వినలేదు.

ఈనాటికీ కుర్చీ కొన్నా, ఆఫీసులో మనిషిని పెట్టుకున్నా, మెరుపు చూడను. పక్కవాళ్లకు అందుతుందా అని చూస్తాను. ఆ పాఠం తాతయ్యది, అందులో నాకు పేచీ లేదు. పెట్టె ఊడటం కొక్కెం తప్పేనని నా చేత్తోనే తేల్చాను కూడా. మరి కొక్కెం కుదిరాక బండిని పట్టి ఉంచింది ఏమిటి? ఆయన అడిగేదాకా అది ఎందుకు కదల్లేదు?